పొద్దున బాగానే నడిచే ఇంజను, పది దాటాక ఎత్తు ఎక్కడం లేదు (45 మి.మీ. తోట రైలు)

గోదావరి_గేజ్ (రాజమహేంద్రవరం)
శనివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మా పెరట్లో మామిడిచెట్టు చుట్టూ వేసిన రైలు సంగతి ఇక్కడి పాత సభ్యులకు తెలుసు. కొత్తవారి కోసం క్లుప్తంగా చెబుతాను. 45 మి.మీ. గేజు (రెండు పట్టాల మధ్య ఎడం), ఇత్తడి పట్టాలు, ఒక పూర్తి చుట్టు, లోపలికి ఒక సైడింగు (పక్క లైను). బావి గట్టు పక్కన వంపు తిరుగుతూనే ఎత్తు మొదలవుతుంది. ఎత్తు మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు, అంటే 40కి 1.

ఇంజను నాలుగు చక్రాల చిన్న ట్యాంకు ఇంజను. ఆవిరిది కాదు, పట్టాల నుంచి కరెంటు తీసుకుని నడిచేది. ఒకరి దగ్గర పాతది కొన్నాను. ఆ కంపెనీ ఇప్పుడు ఈ నమూనా చేయడం లేదు, విడిభాగాలు దొరకవు. లోపల ఒక మోటారు, దాని కొసన వర్మ్ (మరలా చుట్లు తిరిగిన గేరు), వెనక ఇరుసుకు గేరు. ముందు ఇరుసుకు గేరు లేదు, రెండు ఇరుసుల చక్రాలను కలిపే సైడ్‌రాడ్లే దాన్ని తిప్పుతాయి.

ఉదయం ఏడింటికి మూడు పెట్టెలతో హాయిగా తిరుగుతుంది. పది దాటి ఎండ పడ్డాక ఎత్తు దగ్గర కుదుపు మొదలవుతుంది. ముందు టిక్, టిక్ అని చప్పుడు, తర్వాత ఆగి ఆగి లాగడం, చివరికి నిలబడిపోవడం. వేలితో కాస్త తోస్తే కదులుతుంది, నాలుగు అడుగులు వెళ్లి మళ్లీ అదే వరస. సమతలం మీద మాత్రం ఏ లోపమూ లేనట్టే పోతుంది. సాయంత్రం చల్లబడితే ఎత్తు కూడా ఎక్కేస్తుంది! పట్టాలు తుడిచాను, చక్రాలు కడిగాను, ఇరుసులకు కుట్టుమిషను నూనె వేశాను. తేడా ఏమీ లేదు.

వేసవి సెలవులకు మనవలు వస్తున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

డాలస్_రావు
శనివారం, రాత్రి 9:02

ముందు పట్టాలకు కరెంటు పంపే కంట్రోలర్‌ను అనుమానించండి. పగటి వేడికి దాని లోపలి రక్షణ కరెంటును ఆపేసి, చల్లబడ్డాక మళ్లీ వదలడం మామూలే. ఎత్తు మీద ఇంజను ఎక్కువ ఆంపియర్లు తాగుతుంది కాబట్టి సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఇక్కడ మా పెరట్లో జులైలో నీడలోనే 40 డిగ్రీలు, అందుకే నేను కంట్రోలర్‌ను గ్యారేజీ గడప దాటించను.

అసలు ఈ తలనొప్పులు పడలేకే నా పెద్ద ఇంజన్లను బ్యాటరీకి మార్చేశాను. టెండరులో (ఇంజను వెనక బొగ్గు పెట్టెలో) బ్యాటరీ, చేతిలో రిమోటు, పట్టాలు తుడిచే పనే లేదు. మీ ట్యాంకు ఇంజనులో బ్యాటరీకి చోటుండదు, అది వేరే విషయం.

కాజీపేట_ఫోర్‌మన్
ఆదివారం, ఉదయం 6:10

బాబూ, బండి జోలికి వెళ్లేముందు రోడ్డు, అంటే పట్టాల దారి, చూడు. మా షెడ్డులో డ్రైవరు ఇంజను మీద ఫిర్యాదు రాస్తే, అది ఏ కిలోమీటరు దగ్గర మొరాయించిందో ముందు అడిగేవాళ్లం. రోజూ ఒకే చోట ఆగితే సగం తప్పు రోడ్డుదే.

ఇత్తడి ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.019 మి.మీ. సాగుతుంది. పొద్దున 28 డిగ్రీలున్న పట్టా ఎండలో 60కి చేరితే మీటరుకు 0.6 మి.మీ. పది మీటర్ల పట్టాకు 6 మి.మీ. ఆ సాగుదల ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కీళ్ల దగ్గర సందు లేకపోతే వంపులో పట్టా బయటికి తోసుకుంటుంది, లేదా ఒక పక్క లోపలికి నొక్కుకుని గేజు బిగుస్తుంది. పెద్ద రైల్వేలో 13 మీటర్ల పట్టాలకు ఫిష్‌ప్లేట్ల (పట్టాలను కలిపే పలకల) దగ్గర సందు వదిలేది అందుకే. ఇప్పుడు చాలావరకు పట్టాలను వెల్డింగు చేసేశారు కాబట్టి వేసవిలో మధ్యాహ్నం పూట గ్యాంగ్‌మేన్లు ప్రత్యేకంగా గస్తీ తిరుగుతారు.

వెర్నియర్ తీసుకుని ఎండ బాగా ఉన్నప్పుడు ఎత్తు పొడవునా గేజు కొలువు. పొద్దున కొలిస్తే ఏమీ తెలియదు. అలాగే చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కూడా కొలువు, అది 40 మి.మీ. దగ్గర ఉండాలి.

చిన్న_బండి
ఆదివారం, ఉదయం 9:30

మోటారు పాతబడి ఉంటుందండీ. మార్చేస్తే సరి.

గేర్_గీత (బెంగళూరు)
ఆదివారం, ఉదయం 11:48

మోటారు మార్చేముందు మూడు విషయాలు చూసి చెప్పండి. పైసా ఖర్చు లేదు.

ఇంజను నిలబడిపోయిన క్షణంలో ముందు దీపం వెలుగుతూనే ఉందా, ఆరిపోతోందా? దీపం ఆరితే కంట్రోలర్, కీళ్లు, చక్రాల దగ్గర కరెంటు తీసుకునే బ్రష్‌లు, వీటిలో ఏదో ఒకటి. వెలుగుతూ ఉంటే అవన్నీ నిర్దోషులు.

ఆగినప్పుడు మోటారు శబ్దం ఏమవుతోంది? మూలిగి ఆగిపోతోందా, లేక ఇంకా గట్టిగా, సన్నగా వినిపిస్తోందా? వీలైతే పట్టాకు వెళ్లే ఒక తీగలో మల్టీమీటరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి వరసగా కలపండి. ఆగినప్పుడు అంకె పెరుగుతోందా, తగ్గుతోందా చూడండి.

మూడోది, వెనక చక్రం మీద సుద్దతో ఒక గీత పెట్టండి. ఆ టిక్ చప్పుడు చక్రం ఒక్క చుట్టుకు ఒకసారి వస్తోందా, చాలాసార్లా?

గోదావరి_గేజ్
సోమవారం, మధ్యాహ్నం 1:20

ఎండలో గొడుగు పట్టుకుని మరీ కొలిచాను. మా ఆవిడ పక్కింటివారికి ఏం చెప్పి ఉంటుందో ఊహించుకోండి.

రావుగారూ, కంట్రోలర్ వరండాలో నీడలోనే ఉంది. ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. ఇంజను ఆగినప్పుడు పట్టాల మీద 14 వోల్టులు అలాగే ఉన్నాయి.

ఫోర్‌మన్ మాస్టారూ, మీరన్నది ఒకచోట నిజమే. ఎత్తు మొదట్లో ఒక కీలు పూర్తిగా మూసుకుపోయి, లోపలి పట్టా నొక్కుకుని ఉంది. గేజు అక్కడ 44.2 మాత్రమే. కీలు విప్పి, పట్టా కొస ఆకురాయితో అరగదీసి, సందు వదిలి బిగించాను. ఇప్పుడు 45.1 వచ్చింది. చక్రాల మధ్య 40 సరిగ్గా ఉంది. కుదుపు మొదలయ్యే చోటు కాస్త పైకి జరిగింది కానీ, కుదుపు మాత్రం పోలేదు.

గీతగారూ, దీపం నిక్షేపంగా వెలుగుతోంది. మోటారు ఆగడం లేదు, ఇంకా హుషారుగా గీపెడుతోంది. ఎత్తు మీద లాగేటప్పుడు 0.8 ఆంపియర్లు, నిలబడిపోగానే 0.3కి పడిపోతోంది. టిక్ చప్పుడు చక్రానికి చుట్టుకొకటే, సుద్ద గీత ప్రతిసారీ దాదాపు ఒకే చోట ఉంటోంది.

కాజీపేట_ఫోర్‌మన్
సోమవారం, మధ్యాహ్నం 2:05

ఆ కీలు సరిచేయడం మంచిదైంది. అది అలాగే ఉంటే రేపు పెట్టెలు పడేవి. మిగతాది అమ్మాయి చెబుతుంది, ఆ ఆంపియర్ల లెక్క చూస్తే నాకూ అర్థమైంది.

గేర్_గీత
సోమవారం, సాయంత్రం 6:40

చక్రాలు ఎక్కడైనా బిగుసుకుంటే మోటారుకు భారం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. మీ దగ్గర మూడూ తిరగబడ్డాయి. వేగం పెరిగి కరెంటు పడిపోతోందంటే మోటారు మీద భారమే లేకుండా పోయింది. మోటారుకూ చక్రానికీ మధ్య ఎక్కడో బంధం తెగుతోంది. మధ్యలో ఉన్నవి నాలుగే: మోటారు ఇరుసు మీద వర్మ్, ఆ వర్మ్‌కు తగిలే గేరు, గేరు కూర్చున్న ఇరుసు, ఇరుసు మీది చక్రం.

చప్పుడు చుట్టుకు ఒకటే కాబట్టి వర్మ్ మీద నాకు అనుమానం లేదు. వర్మ్ దెబ్బతింటే అది తిరిగిన ప్రతిసారీ చప్పుడు రావాలి. గేరుకు 20 పళ్లుంటే చక్రం ఒక్క చుట్టులో 20 చప్పుళ్లు అన్నమాట. ఒక్కటే వస్తోందంటే లోపం గేరులోనో చక్రంలోనో ఒక్కచోటే ఉంది. ప్లాస్టిక్ గేరు పగిలి ఉంటుందని నా అంచనా, పందెం కాయమంటే కాస్తాను.

రుజువు చేసుకోవడం తేలిక. సైడ్‌రాడ్ల మరలు విప్పి రాడ్లు పక్కన పెట్టండి. ఇంజనును మెత్తని గుడ్డ మీద వెల్లకిలా పెట్టి, రెండు తీగలతో నెమ్మదిగా నడిపించండి. వెనక చక్రాన్ని వేలితో కొద్దికొద్దిగా నొక్కండి. మోటారు తిరుగుతుండగానే చక్రం ఆగిపోతే బంధం తెగినట్టే. అప్పుడు రెండో పక్క చక్రం, మధ్యలో కనిపించే ఇరుసు ఏం చేస్తున్నాయో చూడండి. ఇరుసు తిరుగుతూ ఒక్క చక్రమే ఆగితే చక్రం వదులైంది. ఇరుసు కూడా ఆగితే గేరు ఇరుసు మీద జారుతోంది.

ఆవిరి_అభిమాని (లీడ్స్)
సోమవారం, రాత్రి 11:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది 32 మి.మీ. పట్టాల మీద నడిచే నిజమైన ఆవిరి ఇంజను, బ్యుటేన్ గ్యాసుతో మండుతుంది. డార్జిలింగ్ కొండ రైలు బి క్లాసు ఇంజను నమూనా. రెండడుగుల గేజు అంటే 610 మి.మీ., దాన్ని 32తో భాగిస్తే 19, అందుకే ఇక్కడ ఇంగ్లండులో సన్నగేజు అభిమానులు ఎక్కువమంది 19కి 1 పాళ్లలో కడతారు. మీకు ఎండ ఎక్కితే కష్టం, నాకు చలి ఎక్కితే కష్టం. జనవరిలో గ్యాసు ట్యాంకు చల్లబడిపోయి మంట చచ్చిపోతుంది. ఇండియాకు వచ్చేటప్పుడు తెచ్చుకుందామని ఆలోచన. మన ఎండలో ఎలా ఉంటుంది?

కాజీపేట_ఫోర్‌మన్
మంగళవారం, ఉదయం 5:50

గ్యాసు డబ్బా విమానంలో తేనివ్వరు, ఇంజను ఒక్కటే తెచ్చుకో. బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి మీ చలికి దానికి ఒత్తిడి పుట్టదు. 20 డిగ్రీల దగ్గర గాలి ఒత్తిడి కంటే సుమారు ఒక బారు (ఒత్తిడి కొలత) ఎక్కువ, 40 దగ్గర దాదాపు మూడు బార్లు. మన మే నెలలో గ్యాసు వాల్వు కొద్దిగా తిప్పినా మంట బర్నరు వదిలి లేచి ఊళ వేస్తుంది. వెంట్రుక వాసి తిప్పి నడపాలి. నీడలో గ్యాసు నింపుకోవాలి, దగ్గర్లో ఏ మంటా ఉండకూడదు. బోరు నీళ్లు మాత్రం బాయిలరులో పోయకు, పెచ్చు కట్టిన సున్నం వదలదు.

నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 8:00

ఆవిరి ఇంజన్లకు వేరే విభాగం ఉంది. ఈ రెండు టపాలూ అక్కడికి కూడా నకలు పంపాను, కొనసాగింపు అక్కడ చేయండి. ఇక్కడ గేరు సంగతి తేలనివ్వండి.

గోదావరి_గేజ్
మంగళవారం, రాత్రి 9:25

గీతగారు చెప్పినట్టే చేశాను. రాడ్లు తీశాక ముందు ఇరుసు వేలితో తడితే చక్కగా తిరుగుతోంది, ఎక్కడా పట్టడం లేదు. రాత్రి చల్లగా ఉన్నప్పుడు వెనక చక్రాన్ని ఎంత నొక్కినా ఆగలేదు, మోటారే మూలిగింది. అప్పుడు మా మనవరాలి జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఇరుసు దగ్గర కాసేపు వేడి గాలి కొట్టాను. ఈసారి చక్రం వేలికే ఆగిపోయింది, రెండో చక్రమూ ఆగింది, ఇరుసూ ఆగింది. మోటారు మాత్రం గిర్రున తిరుగుతోంది!

డాలస్_రావు
మంగళవారం, రాత్రి 10:40

జుట్టు ఆరబెట్టే యంత్రం ఆలోచన అద్భుతం అండీ. మధ్యాహ్నం దాకా ఎదురుచూసే పని తప్పింది.

విప్పేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. అడుగు పలక మరలు పొడవులు వేరువేరుగా ఉంటాయి, ఒక అట్టముక్క మీద ఇంజను ఆకారం గీసి ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టుకోండి. కరెంటు తీసుకునే కార్బన్ బ్రష్‌ల వెనక సన్నని స్ప్రింగులుంటాయి, పలక ఎత్తగానే ఎగిరి గడ్డిలో పడతాయి. పెద్ద పళ్లెంలో పెట్టుకుని, ఫ్యాను ఆపి విప్పండి. ఏదీ ఊడదీయకముందు ఫొటోలు తీయండి.

గోదావరి_గేజ్
బుధవారం, రాత్రి 8:50

[ఫొటో: అడుగు పలక తీసిన ఇంజను]
[ఫొటో: గేరు, భూతద్దంలోంచి]

విప్పాను. పాత గ్రీజు ఇంగువ ముద్దలా గట్టిపడి ఉంది, అందులో రెండు చీమలు. అగ్గిపుల్లతో గీకి, కిరోసిన్ తడిపిన గుడ్డతో వర్మ్ తుడిచాను. గేరు తెల్ల ప్లాస్టిక్‌ది. మామూలుగా చూస్తే ఏమీ కనిపించలేదు. భూతద్దం పెట్టి ఇరుసు మెల్లగా తిప్పితే, రెండు పళ్ల మధ్య లోయలోంచి రంధ్రం దాకా వెంట్రుకంత పగులు. ఆ రెండు పళ్ల మధ్య ఎడం మిగతావాటికంటే ఎక్కువగా ఉందని కంటికే తెలుస్తోంది. పగులుకు ఎదురుగా చక్రం మీద నా సుద్ద గీత ఉంది.

గేర్_గీత
బుధవారం, రాత్రి 10:10

అనుకున్నదే. ఇది ఎలా జరుగుతుందో రాస్తాను, ఇలాంటి ఇంజను ఉన్నవారందరికీ పనికొస్తుంది.

గేరు జారకుండా ఉండడానికి ఉక్కు ఇరుసు మీద నర్లింగ్ గీతలు పెట్టి, అంతకంటే కాస్త చిన్న రంధ్రమున్న ప్లాస్టిక్ గేరును బలంగా నెట్టి కూర్చోబెడతారు. ఆ రోజు నుంచి గేరు నిరంతరం సాగదీసిన స్థితిలోనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కాస్త కుదించుకుంటుంది, సాగుదల ఇంకా పెరుగుతుంది, చివరికి అతి పలుచని చోట, అంటే రెండు పళ్ల మధ్య లోయలో చీలుతుంది. బండి నడిపినా నడపకపోయినా చీలేది చీలుతుంది. పెట్టెలోంచి ఎప్పుడూ తీయని ఇంజన్లలో కూడా ఈ పగులు కనిపిస్తుంది.

పగులు వచ్చాక రెండు పనులు జరుగుతాయి. ఆ చోట పళ్ల ఎడం పెరిగి, వర్మ్ మర దాని మీదికి ఎక్కి దిగుతుంది. అదే మీ టిక్. రెండోది, గేరుకు ఇరుసు మీద పట్టు దాదాపు పోతుంది. మిగిలిన కాస్త పట్టు సమతలానికి చాలుతుంది. మీ ఇంజను, పెట్టెలు కలిపి 5 కిలోలనుకుంటే, 40కి 1 ఎత్తులో ఒక్క ఎత్తు కోసమే అదనంగా 125 గ్రాముల బరువంత లాగాలి. ఆ లాగుడుకు పట్టు జారుతుంది.

ఇక ఎండ సంగతి. ఇలాంటి ప్లాస్టిక్ వేడికి ఉక్కుకంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 4 మి.మీ. ఇరుసు మీద 30 డిగ్రీలు పెరిగితే రంధ్రం ఇరుసుకంటే ఒక మిల్లీమీటరులో నూరో వంతు ఎక్కువ తెరుచుకుంటుంది. గేరు బాగుంటే ఈ నూరో వంతు లెక్కలోకి రాదు, బిగింపు అంతకు చాలా రెట్లు ఉంటుంది. పగిలిన గేరుకు మిగిలిన పట్టే అంత. అందుకే పొద్దున ఎక్కుతుంది, పది దాటితే ఎక్కదు.

చిన్న_బండి
గురువారం, ఉదయం 7:45

ఫెవిక్విక్ వేస్తే అతుక్కోదా అండీ?

గేర్_గీత
గురువారం, ఉదయం 8:20

అతుక్కోదు తమ్ముడూ. గేర్లకు వాడే అసిటల్, నైలాన్ జిడ్డుగా ఉండే రకాలు, జిగురును పట్టనివ్వవు. అతుక్కున్నా ఆ సాగుదల తగ్గలేదు కాబట్టి మళ్లీ అక్కడే విడుతుంది. పైగా కారిన జిగురు బేరింగులోకి పోతే ఇరుసు కూడా పోయినట్టే.

డాలస్_రావు
గురువారం, ఉదయం 9:05

ఇక్కడ మావాళ్లు చేసే చిట్కా ఒకటుంది. గేరు పక్కన ముందుకు పొడుచుకువచ్చిన బొడిపె ఉంటే, దాని మీద సరిపడే ఇత్తడి గొట్టం ముక్క కోసి ఉంగరంలా బిగిస్తారు. పగులు దగ్గరికి లాగుకుంటుంది. నా పాత ఇంజను ఒకటి అలాగే ఇంకా తిరుగుతోంది.

గేర్_గీత
గురువారం, ఉదయం 9:40

రావుగారూ, అది కొంతకాలం పనిచేస్తుంది, కాదనను. కానీ లోపల నర్లింగ్ లావు తగ్గించకుండా పైన ఉంగరం బిగిస్తే పగులు పూర్తిగా మూసుకోదు, టిక్ మిగిలిపోతుంది. నర్లింగ్‌ను ఎమరీ కాగితంతో కాస్త తగ్గించి, ఆపైన ఉంగరం వేస్తే మేలు. ఇక ఫొటోలో ఈ గేరుకు అసలు బొడిపే లేదు, ఉంగరానికి చోటెక్కడిది?

కొత్త గేరు కోయించడమే దారి. గోదావరిగారూ, మూడు కొలతలు కావాలి. పళ్లెన్ని, బయటి వ్యాసం ఎంత, వర్మ్ మీద అయిదు మర చుట్ల పొడవెంత. వర్మ్‌కు అయస్కాంతం అంటుకుంటుందో లేదో కూడా చెప్పండి. ఉక్కు వర్మ్ అయితే ఇత్తడి గేరు వేయవచ్చు, ప్లాస్టిక్ వర్మ్ అయితే ఇత్తడి దాన్ని తినేస్తుంది.

గోదావరి_గేజ్
గురువారం, సాయంత్రం 5:30

పళ్లు 20. బయటి వ్యాసం 13.2 మి.మీ. (పగులు లేని దిక్కున కొలిచాను). అయిదు మరలకు 9.4. అయస్కాంతం గట్టిగా అంటుకుంది.

ఊళ్లో ఒక లేత్ షాపులో అడిగాను. ట్రాక్టరు గేరయితే తెమ్మన్నాడు, ఇది చూసి నవ్వాడు.

గేర్_గీత
గురువారం, రాత్రి 9:15

13.2ను 22తో (పళ్లు 20కి రెండు కలిపి) భాగిస్తే 0.6. అంటే మాడ్యూల్ (పంటి పరిమాణం చెప్పే అంకె) 0.6. వర్మ్ మర ఎడం 0.6 ఇంటూ పై, 1.885, అయిదింటికి 9.42. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది కాబట్టి కొలత నమ్మవచ్చు. ఇక్కడ పీణ్య పారిశ్రామికవాడలో చిన్న గేర్లు కోసేవారు నాకు తెలుసు. ఒక్కటి కోసినా అయిదు కోసినా యంత్రం సర్దే ఖర్చే ఎక్కువ, అందుకని కొన్ని ఎక్కువే చేయిస్తాను. రంధ్రం మాత్రం బిగుతుగా పెట్టించను. నర్లింగ్ మీద చేత్తో నెడితే జారేంత పెట్టించి, బేరింగులు బిగించే ద్రవంతో కూర్చోబెడదాం. లోహానికి లోహం కాబట్టి అది బాగా పట్టుకుంటుంది, గేరు మీద సాగుదల అసలు ఉండదు.

కాజీపేట_ఫోర్‌మన్
శుక్రవారం, ఉదయం 6:00

గేరు ఎక్కించాలంటే ఒక చక్రం ఊడదీయాలి కదా, అక్కడ జాగ్రత్త. సుత్తి ముట్టుకోకు. చిన్న బేరింగ్ పుల్లర్ దొరుకుతుంది, దానితో నిటారుగా లాగు. లాగేముందు చక్రం మీదా ఇరుసు కొస మీదా కలిసేలా సూదితో గీత పెట్టు.

ఒక పక్క క్రాంకు పిన్ను (చక్రానికి రాడ్డు తగిలే పిన్ను) పైన ఉంటే రెండో పక్క పిన్ను ముందుకో వెనక్కో 90 డిగ్రీల దూరంలో ఉంటుంది. పెద్ద ఇంజన్లలో అలా పెట్టేది, ఒక పక్క పిస్టన్ కొసకు చేరి నిస్సహాయంగా ఉన్నప్పుడు రెండో పక్కది నెట్టడానికి. నీ బొమ్మకు పిస్టన్లు లేవు కానీ రాడ్లున్నాయి. రెండు ఇరుసులకూ ఈ కోణం ఒకటే కాకపోతే ప్రతి చుట్టులో రెండుచోట్ల రాడ్లు పట్టేస్తాయి. అప్పుడు నీ మోటారు నిజంగానే మూలుగుతుంది. ముందు ఇరుసును కదపకు, దాన్నే కొలబద్దగా వాడుకో. చక్రాన్ని సగం నెట్టి, రాడ్లు తగిలించి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, పట్టకపోతేనే పూర్తిగా నెట్టు. లోపలి ముఖాల మధ్య మళ్లీ 40 వచ్చిందో లేదో చూసుకో.

చిన్న_బండి
శుక్రవారం, ఉదయం 10:10

గేరు వచ్చేలోగా ఒక సందేహం. మీ పెట్టెల మీద నౌపడ–గుణుపూర్ అని రాసి ఉంది. ఆ లైను రెండున్నర అడుగుల గేజు, 762 మి.మీ. 45తో భాగిస్తే 17 వస్తుంది. మీ పెట్టెలేమో 22.5కి 1 పాళ్లలో ఉన్నాయి. సరిపోదు కదండీ?

గోదావరి_గేజ్
శుక్రవారం, ఉదయం 11:00

సరిపోదు తమ్ముడూ, తెలుసు. ఆ పాళ్లకు మా పట్టాల మీద నిజానికి మీటరుగేజు రావాలి. కానీ మా నాన్నగారిది టెక్కలి దగ్గరి పల్లె, ఆ చిన్న రైలెక్కి పర్లాకిమిడి వెళ్లిన కథలు వింటూ పెరిగాను. 2004లో అది ఆగిపోయింది, తర్వాత బ్రాడ్‌గేజీ అయింది. పెరట్లోనైనా తిరగనివ్వండి. తోట రైళ్లు చేసే ఎల్‌జీబీ కంపెనీవాళ్లు కూడా 760 మి.మీ. గేజు మీద తిరిగిన ఆస్ట్రియా ఇంజను స్టైంజ్‌ను ఇదే 45 పట్టాల మీద నడిపిస్తున్నారు, వాళ్లనెవరూ అడగడం లేదు.

గోదావరి_గేజ్
ఆదివారం, మధ్యాహ్నం 12:40

[ఫొటో: ఇత్తడి గేరు, ఇరుసు మీద]
[ఫొటో: ఎత్తు పైన ఇంజను, మూడు పెట్టెలు]

గీతగారు పంపిన గేరు నిన్న చేరింది. నర్లింగ్‌ను స్పిరిట్‌తో కడిగి జిడ్డు పోగొట్టి, ద్రవం రెండు చుక్కలు వేసి, గేరు తిప్పుతూ నెట్టాను. రాత్రంతా కదపలేదు. చక్రం నెట్టేటప్పుడు మాస్టారు చెప్పిన పద్ధతే. మొదటిసారి ఒక చోట రాడ్డు కొద్దిగా పట్టింది, చక్రం ఒక వెంట్రుక తిప్పాక వదిలింది. ప్లాస్టిక్‌కు హాని చేయని తెల్ల గ్రీజు కందిగింజంత పెట్టి మూశాను.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. పట్టా మీద చెయ్యి పెట్టలేను. ఇంజను ఎత్తు ఎక్కుతోంది, మూడు పెట్టెలతోనూ, తర్వాత నాలుగోది తగిలించినా. టిక్ లేదు. కరెంటు ఎత్తు మీద 0.7 దగ్గర నిలకడగా ఉంది. శబ్దం మాత్రం ముందుకంటే కాస్త ఎక్కువ, గరగరమంటోంది.

గేర్_గీత
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇత్తడి గేరు ప్లాస్టిక్‌కంటే ఎక్కువే మాట్లాడుతుంది. భారం లేకుండా అటు అరగంట, ఇటు అరగంట నెమ్మదిగా తిప్పండి, పళ్లు ఒకదానికొకటి ఒదుగుతాయి. తర్వాత అడుగు పలక ఒకసారి విప్పి, గ్రీజులో పసుపు మెరుపు కనిపిస్తే తుడిచి కొత్తది పెట్టండి. ఆ పొడి మొదట్లో కొద్దిగా రావడం సహజం. రెండోసారి విప్పినప్పుడూ అంతే కనిపిస్తే వర్మ్ మరీ లోతుగా కరుచుకుంటున్నట్టు. అప్పుడు మోటారు కింద సన్నని కాగితం ముక్క వేసి కాస్త పైకి ఎత్తాలి.

డాలస్_రావు
ఆదివారం, రాత్రి 8:30

శుభం. గీతగారూ, మిగిలిన గేర్లలో రెండు నాకు కావాలి. నా ఉంగరం వేసిన ఇంజనుకు ఒకటి, దాచుకోవడానికి ఒకటి. ఇరుసు వ్యాసం నాది 4 కాదేమో, రేపు కొలిచి రాస్తాను.

చిన్న_బండి
ఆదివారం, రాత్రి 9:10

నా ఇంజను కూడా ఇదే నమూనాలా ఉంది. పెట్టెలోంచి తీసి వేడిగాలి పరీక్ష పెట్టాను, రెండు చక్రాలూ వేలికే ఆగిపోతున్నాయి. నాకూ ఒకటి పంపుతారా?

గేర్_గీత
ఆదివారం, రాత్రి 9:35

ముందు పళ్లు లెక్కపెట్టి, అయిదు మరలు కొలిచి ఇక్కడ రాయండి. ఒకే నమూనాలో కూడా కొన్నాళ్లు ఒక గేరు, కొన్నాళ్లు ఇంకొకటి వేసిన కంపెనీలున్నాయి. వర్మ్‌కు అయస్కాంతం పెట్టడం మరిచిపోకండి.